మంచం కింద స్టవ్

అప్పడాలు ఒత్తడం మన ఇళ్లలో కొత్త విద్యేం కాదు. ఎండాకాలం వస్తే అమ్మ, పిన్ని, పక్కింటి అత్తయ్యగారు మధ్యాహ్నాలు కూర్చుని వందల్లో ఒత్తేసేవారు. దాన్నెవరూ సంపాదన అనుకోలేదు, ఒత్తినవాళ్లతో సహా.

1959 మార్చి 15న బొంబాయి గిర్గావ్‌లో ఏడుగురు గుజరాతీ గృహిణులు ఆ పనికే వెల కట్టారు. ఛగన్‌లాల్ పరేఖ్ అనే పెద్దాయన దగ్గర 80 రూపాయలు అప్పు తీసుకుని, మేడమీద కూర్చుని ఒత్తారు. మొదటిరోజు నాలుగు ప్యాకెట్లయ్యాయి. నష్టం వచ్చినా సరే, ఎవరి దగ్గరా విరాళం పుచ్చుకోకూడదనుకున్నారు.

వానలు మొదలవగానే అప్పడాలు ఎండే దారి లేక నాలుగు నెలలు పని ఆగిపోయింది. ఇక్కడే చాలామంది మానేస్తారు. వాళ్లు మరుసటేడు ఒక మంచం, ఒక స్టవ్ కొన్నారు. మంచం మీద అప్పడాలు, కింద స్టవ్. వానల్లోనూ పని సాగింది.

అదే మనందరికీ తెలిసిన లిజ్జత్ పాపడ్. 1966లో సొసైటీగా రిజిస్టరైంది. పిండి ఇంటికి తెచ్చుకుని ఒత్తి ఇచ్చే ప్రతి ఆవిడా అందులో భాగస్వామే. లాభమైనా నష్టమైనా అందరిదీ. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతిబెన్ పోపట్‌కి 2021లో పద్మశ్రీ ప్రకటించారు.

వ్యాపారానికి కొత్త ఆలోచన కావాలంటారు. వీళ్లది రోజూ చేసే పాత పనే; దానికి ఖరీదుందని నమ్మడమే కొత్త.

మా అమ్మ ఒత్తిన అప్పడాలకి ఎవరూ లెక్క రాయలేదు. ఆవిడా రాసుకోలేదు.