ఆవ పెట్టిన కూర: మిరపకు ముందటి కారము

ఆంధ్రుల భోజనమనగానే మిరపకాయ జ్ఞప్తికి వచ్చుట లోకమున వాడుకయైనది. మిరప లేని వంట మనది కాదని మనవారే చెప్పుకొనుచుందురు. కాని మిరప మన దేశమునకు వచ్చి సుమారు ఐదువందల యేండ్లే అయినది. అది రాకపూర్వము మన పూర్వులు చప్పిడి కూడు తినిరా? ఆనాటి కారమెట్టిదో తెలిసికొనుటకు తాళపత్రములు వెదకనక్కరలేదు. గోదావరి సీమలో పెండ్లి విస్తరి ముందు కూర్చున్న చాలును. కందబచ్చలి కూరలోను, పనసపొట్టు కూరలోను, ఆవ కలిపిన పులిహోరలోను ఆ పాత కారము నేటికిని ముక్కునకెక్కి పలుకరించును.

దీనికి గ్రంథసాక్ష్యము కూడ కలదు. 1509 నుండి 1529 వరకు విజయనగరమునేలిన శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో, విష్ణుచిత్తుడు ఏ ఋతువునకు తగిన భోజనమును ఆ ఋతువున అతిథులకు పెట్టుటను వర్ణించినాడు. చలికాలపు విస్తరిలో మిరియపు పొడితో చేసిన కూరలును, ముక్కును మండించు ఆవపచ్చళ్ళును ఉన్నవి. మిరపకాయ ప్రసక్తి లేదు. అమెరికా ఖండమున పుట్టిన ఆ కాయ, 1492లో కొలంబసు అచటికి చేరిన పిమ్మట, పోర్చుగీసువారి ఓడలలో మన తీరములకు వచ్చినది. మనవారు దానికి బొత్తిగా కొత్త పేరు వెదకలేదు. మిరియమును బట్టియే మిరప అనిరి. పేరు పాత కారమునకు చెందినది, కాయ మాత్రము కొత్తది.

మిరియము మన విస్తరిలో చాలవరకు మిరపకు చోటిచ్చి తప్పుకొనినది. ఆవ మాత్రము గోదావరి వంటలలో తన చోటు విడువలేదు. దీనికి నేల స్వభావము కూడ తోడ్పడినదని మా తలంపు. ఒకప్పుడు వత్సవాయ వంశపు జమీందారులకు రాజధానిగా నుండిన పెద్దాపురమునే చూడుడు. నేడు కాకినాడ జిల్లాలోనున్న ఈ పట్టణము మెట్టకును డెల్టాకును నడుమ నున్నది. మెట్టవైపు నువ్వుచేలు, చింతచెట్లు. సామర్లకోట దాటిన కాలువల క్రింది వరిపొలములు. 1847లో ఆర్థరు కాటన్ ధవళేశ్వరమున ప్రారంభించిన ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట, ఆ కాలువలు డెల్టాను మాగాణిగా మార్చినవి. కంద, బచ్చలి, అరటి, పనస పెరటి పంటలే. అన్నము, పులుపు, నూనె, కూరగాయ ఇంత దగ్గరలో దొరకునప్పుడు వానినన్నిటిని కలుపు ఆవ నిలుచుటలో వింత లేదు.

ఆవ పెట్టుటలో ఒక శాస్త్రమున్నది. ఎండిన ఆవగింజకు ఘాటైన వాసన యుండదు. నూరి నీరు తగిలించినప్పుడే గింజలోని మిరోసినేజ్ అను ఎంజైము పనిచేసి ఘాటును పుట్టించును. అధికమైన వేడి తగిలినచో ఆ ఎంజైము పనిచేయదు. పుట్టిన ఘాటును ఆవిరితో పోవును. కనుకనే మన పెద్దలు కూరను పొయ్యిమీద నుండి దింపి, చల్లారనిచ్చి, పిమ్మట ఆవ కలుపుదురు. చింతపండు పులుపు ఆ ఘాటు త్వరగా పోకుండ కాపాడును. ఆవముద్దలోని జిగురు నూనెను పులుసును విడిపోకుండ పట్టియుంచును.

చేయు విధము సులభము. కందముక్కలను, తరిగిన బచ్చలిని ఉడికించి, చింతపండు రసము, పసుపు, ఉప్పు చేర్చి నీరు ఇగురనీయవలెను. మినపప్పు, సెనగపప్పు, అల్లము, కరివేపాకులతో పోపు పెట్టి దింపవలెను. నలుగురికి సరిపడు కూరకు ఒక చెంచా ఆవలను, ఒక ఎండుమిరపను, ఉప్పును కొద్ది నీటితో మెత్తగా నూరవలెను. కూర చల్లారిన పిదప ఆ ముద్దను ఒక చెంచా పచ్చి పప్పునూనెతో కలిపి, పైన కొత్తిమీర చల్లవలెను. పులిహోరకైనను ఇదే పద్ధతి. అన్నము ఆరిన తరువాతనే ఆవ. పాత కారమును నూరు రోటిలోనే కొత్త కారము కూడ ఒక కాయగా చేరుట గమనింపదగినది.

ఫ్రెంచివారు పచ్చికూరలపై పోయు వినిగ్రెట్ అను రసమును దీని ప్రక్కన పెట్టి చూడుడు. ద్రాక్షసారా పులిసిన వినిగర్, ఆలివునూనె, కొంచెము ఆవముద్ద, సన్నగా తరిగిన పచ్చియాకులు అందుండును. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలోనే రోమకుడైన కొలుమెల్లా తన వ్యవసాయ గ్రంథమున ఆవలను వినిగర్‌తో నూరి నిలువచేయు విధమును వ్రాసినాడు. వారికి ద్రాక్ష, మనకు చింత. ఎవరి సీమలోని పులుపు వారిదైనను, ఆవ గుణమొక్కటియే గనుక ఇద్దరి చేతులును ఒకే దారి పట్టినవి.

అయితే వారి ఆవముద్ద సీసాలకెక్కి లోకమంతయు తిరుగుచున్నది. మన ఆవ ఏ పూటకాపూట నూరవలసినది. ఆలస్యమైన కొలది ఘాటు తగ్గును. వందలమందికి తెల్లవారకముందే వండు నేటి పెండ్లివంటలలో అది పేరునకు మాత్రమే మిగులుట కద్దు. కూర ఎంత చల్లారినప్పుడు ఆవ కలుపవలెనో కొలతపాత్ర చెప్పదు; గిన్నెకు తగిలించిన చేయి చెప్పును. ఆ చేతివాటము ఒక్క తరము తప్పినచో, రాయలనాటి విస్తరిని నాలుకతో తెలిసికొను మార్గము మనకు మూసికొనిపోవును. కనుక రాబోవు చలికాలమున కందబచ్చలి వండు నాడు, ఇంటి పెద్దలు ప్రక్కన కూర్చుండి చెప్పుచుండగా, ఆవ నూరు పని పిల్లలకప్పగింపుడు. కన్నీరు వచ్చినను వారు నవ్వుకొనుచునే నేర్చుకొందురు.