కొండదారులలో చెత్త

కొండదారులలో చెత్త అనగా కొండలు, అడవులలోని కాలిబాటల వెంట నడిచేవారు వదలివేసే ప్లాస్టిక్ సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, భోజనపు పళ్ళేలు, గాజు సీసాలు మొదలైన వ్యర్థాలు. ఊరిలో చెత్తను ఎత్తడానికి బండి వస్తుంది. కాలిబాటకు బండి రాదు. అక్కడికి భుజాన వెళ్ళిన వస్తువు తిరిగి భుజానే దిగాలి, లేకపోతే అక్కడే ఉండిపోతుంది. సెలవు రోజులలో మిత్రబృందాలు కొండలెక్కడం పెరిగిన కొద్దీ ఈ సమస్య కూడా పెరిగింది. ఆంధ్ర ప్రదేశ్‌లో ఎన్టీఆర్ జిల్లా కొండలు ఇందుకు చక్కని ఉదాహరణ.

తిరువూరు నుండి కొండపల్లి

తిరువూరు, ఎన్టీఆర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న పట్టణం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడే వరకు ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. ఇక్కడి నుండి 30వ నంబరు జాతీయ రహదారి ఎ.కొండూరు, మైలవరం, జి.కొండూరుల మీదుగా కొండపల్లి చేరుతుంది. దూరం 60 కి.మీ. లోపే కనుక ఉదయం బయలుదేరి కొండ ఎక్కి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

కొండపల్లి కోటను 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల కాలంలో కట్టారు. తరువాత గజపతులు, శ్రీకృష్ణదేవరాయలు, కుతుబ్ షాహీలు, నిజాములు దీనిని ఏలారు. 1766లో ఇది బ్రిటిషువారి వశమైంది. ఊరివారు దీనిని ఖిల్లా అంటారు. కోట చుట్టూ రిజర్వు అడవి ఉన్నది. ప్రసిద్ధి చెందిన కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి కర్ర ఈ కొండలలోనే పెరిగే చెట్టుది. అందుచేత ఇక్కడి అడవికి కలిగే నష్టం చూడవచ్చినవారి కళ్ళకు ఇబ్బందితో ఆగదు, ఒక చేతివృత్తిని కూడా తాకుతుంది.

కోటకు ఊరి నుండి పాత మెట్లదారి ఉన్నది. ఘాట్ రోడ్డు వేసిన తరువాత కోట వరకు వాహనాలు కూడా పోతున్నాయి. దీనివలన వచ్చేవారు పెరిగారు, వారు మోసుకువచ్చే సామాను మరింత పెరిగింది. నడిచి ఎక్కేవాడు బరువు చూసుకుంటాడు. కారులో వచ్చేవాడికి ఆ లెక్క అక్కరలేదు. రోడ్డు పక్కన పడినదానిని బండిలోకి ఎత్తవచ్చును గాని, బురుజుల కింద పొదలలోనూ మెట్లదారి పక్క లోయలోనూ పడినదానిని మనిషే దిగి, వంగి ఏరాలి.

వనభోజనాలు, విస్తరాకు

తెలుగువారికి సెలవు రోజున అడవికి వెళ్ళి తినడం కొత్త కాదు. కార్తీకమాసంలో ఉసిరిచెట్టు నీడన వనభోజనాలు చేయడం పూర్వం నుండి వస్తున్న ఆచారం. ఆ భోజనం మోదుగాకు లేదా అడ్డాకు విస్తళ్ళలో సాగేది. తిన్నాక విస్తరిని చెట్టు కిందనే పారవేసేవారు. మెతుకులు కాకులు తినేవి, ఆకును పశువులు నమిలేవి, మిగిలినది తరువాతి వానకు మట్టిలో కలిసేది. పారవేయడం వలన ఎవరికీ నష్టం కలగలేదు కనుక దానిని తప్పుగా ఎవరూ భావించలేదు.

విస్తరి స్థానంలోకి థర్మోకోల్ పళ్ళేలు, ప్లాస్టిక్ పూత పూసిన కాగితపు పళ్ళేలు, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ళ సీసాలు వచ్చాయి. చెట్టు కిందనే వదిలే అలవాటు మాత్రం మారలేదు. చదువుకున్నవారు కూడా చెత్త వేస్తున్నారని తరచు వినిపించే విమర్శలో నిజం ఉన్నా, ఇది చదువుకు సంబంధించినదిగా కంటే తరతరాల అలవాటుకు సంబంధించినదిగా చూడడమే సమంజసం.

వ్యర్థాలన్నీ ఒకే విధంగా మిగలవు. నీళ్ళ సీసాను పాతసామాను కొనేవారు తూకానికి కొంటారు కనుక ఎవరో ఒకరు ఏరుకుపోయే అవకాశముంది. చిప్స్ ప్యాకెట్‌లో ప్లాస్టిక్ పొరలకు లోహపు పూత కలిసి ఉంటుంది. వాటిని విడదీయడం కష్టం, దానికి ధర లేదు, అందువలన దానిని ఎవరూ ఏరరు. ఉప్పు వాసనకు కోతులు వాటిని చింపి దూరంగా లాగుకుపోతాయి. కొన్ని బృందాలు ఏరిన చెత్తను పోగుచేసి అక్కడే కాలుస్తాయి. మంచి ఉద్దేశంతో చేసినా ఇది మరింత ప్రమాదకరం. శివరాత్రి దాటిన తరువాత ఎండుటాకులు నిండిన కొండమీద చిన్న నిప్పు కూడా అడవిని అంటుకోగలదు.

చట్టాలు

వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) 27వ సెక్షను ప్రకారం అభయారణ్యంలో చెత్త వేయరాదు. కొండపల్లిది రిజర్వు అడవియే గాని అభయారణ్యం కాదు కనుక ఆ నిబంధన ఇక్కడ వర్తించదు. 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతటా నిషిద్ధమైనాయి. అయితే కొండదారులలో ఎక్కువగా కనిపించే నీళ్ళ సీసా, చిప్స్ ప్యాకెట్ ఆ జాబితాలో లేవు.

ఇతర ప్రాంతాల అనుభవం

ఎవరెస్టు ఎక్కేవారి బృందం 4,000 డాలర్లు డిపాజిట్ చేయాలని, ఒక్కొక్కరు 8 కిలోల చెత్త దింపితే దానిని తిరిగి ఇస్తామని నేపాల్ ప్రభుత్వం 2014లో నియమం పెట్టింది. డబ్బు చాలామందికి తిరిగి అందింది. కాని ఆ 8 కిలోలను కింది శిబిరాల నుండే తేవడం వలన పైశిబిరాల చెత్త పైనే ఉండిపోయింది. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌నాథ్ దారిలో 2022లో మరొక పద్ధతి మొదలైంది. అక్కడ నీళ్ళ సీసాకు క్యూఆర్ కోడ్ అంటించి అదనంగా 10 రూపాయలు తీసుకుంటారు, ఖాళీ సీసా తెచ్చి ఇస్తే ఆ సొమ్ము తిరిగి ఇస్తారు. కొన్నవాడు పారవేసినా, ఏరినవాడికి ఆ 10 రూపాయలు దక్కుతాయి.

తిరుమలలో 2022 జూన్ 1 నుండి ప్లాస్టిక్‌ను పూర్తిగా నిషేధించారు. నీళ్ళు గాజు సీసాలలో అమ్ముతారు. అక్కడ భక్తులు నడిచి ఎక్కే ప్రధాన మార్గాలు అలిపిరి, శ్రీవారిమెట్టు. వాహనాలన్నీ అలిపిరి తనిఖీ కేంద్రం దాటాలి. కనుక సంచులు చూడడం సాధ్యమైంది. కొండపల్లిలో కోట ద్వారం వద్ద ఇటువంటి తనిఖీ చేయవచ్చు. అడవిలోకి మాత్రం చుట్టుపక్కల ఊళ్ళ నుండి ఎన్నో బాటలున్నాయి, వాటిలో వేటికీ ద్వారం లేదు.