బరువు తగ్గడం

బరువు తగ్గడం అనగా శరీరంలో అవసరానికి మించి పేరుకున్న కొవ్వును ఆహారంలోనూ, దినచర్యలోనూ మార్పులు చేసుకొని తగ్గించుకోవడం. వ్యాధి కారణంగా మనిషి చిక్కిపోవడం దీనికి భిన్నమైనది. అది చికిత్స కోరే లక్షణం. అధిక బరువు వలన మధుమేహం, అధిక రక్తపోటు, గుండె జబ్బులు, మోకాళ్ళ నొప్పులు, కాలేయంలో కొవ్వు చేరడం వంటి సమస్యలు వచ్చే అవకాశం పెరుగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారత దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సుమారు నాలుగో వంతు మంది అధిక బరువుతో ఉన్నారు. ఆంధ్ర ప్రదేశ్‌లో ఇది మూడో వంతును దాటింది.

కొన్నాళ్ళు తిండి మానివేస్తే ఎవరికైనా బరువు తగ్గుతుంది. తగ్గిన బరువు తిరిగి రాకుండా ఉండడమే కష్టం. రోజూ తినే భోజనపు తీరు మారనిదే అది సాధ్యపడదు.

ఎంత ఉంటే అధిక బరువు

బరువును కిలోగ్రాములలో తీసుకొని, దానిని మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యను శరీర ద్రవ్యరాశి సూచిక అంటారు. 160 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు ఉన్నవారి సూచిక 25. ఈ లెక్కను 19వ శతాబ్దంలో బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే రూపొందించగా, 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ దానికి ఇప్పటి పేరు పెట్టాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25ను అధిక బరువుకు, 30ని స్థూలకాయానికి హద్దులుగా పెట్టింది. భారతీయులకు ఈ హద్దులు చాలవని, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని 2009లో భారతీయ వైద్య నిపుణులు సూచించారు.

ఈ తేడాకు కారణం 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక ఛాయాచిత్రం వలన చక్కగా తెలుస్తుంది. అందులో పూణే వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటిష్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కనే నిలబడి ఉంటారు. ఇద్దరి సూచికా 22.3 మాత్రమే. అయితే యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం కాగా యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం. చూపులకు సన్నగా ఉన్న భారతీయునిలో కూడా పొట్టచుట్టూ కొవ్వు దాగి ఉండవచ్చును. కాబట్టి నడుము కొలత కూడా చూసుకోవలెను. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యన, ఊపిరి వదిలిన తరువాత టేపుతో కొలిచినప్పుడు పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు మించకూడదు.

కేలరీల లెక్క

ఒక గ్రాము కొవ్వు నుండి 9, పిండిపదార్థం లేదా మాంసకృత్తుల నుండి 4, మద్యసారం నుండి 7 కిలో కేలరీల శక్తి లభిస్తుంది (వాడుకలో కేలరీ అన్నప్పుడు కిలో కేలరీ అనే అర్థం). జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన అంచనాల ప్రకారం, కూర్చుని పనిచేసే 65 కిలోల పురుషునికి రోజుకు 2110, 55 కిలోల స్త్రీకి 1660 కేలరీలు అవసరం. ఒంటిలోని ఒక కిలో కొవ్వు సుమారు 7,700 కేలరీలకు సమానం. అందువలన రోజుకు 500 కేలరీలు తగ్గిస్తే వారానికి అర కిలో తగ్గాలి. మొదట్లో ఇది నిజమే. అయితే శరీరం చిన్నదవుతున్న కొద్దీ దాని ఖర్చు కూడా తగ్గుతుంది కాబట్టి కొన్ని నెలలకు తూకం నిలిచిపోయినట్లు కనిపిస్తుంది. ఇది నియమం తప్పడం వలననే అని అనుకోనక్కరలేదు.

వారంలో మూడు, నాలుగు కిలోలు తగ్గించెదమన్న ప్రకటనలలో కనిపించే తగ్గుదల చాలా వరకు నీరే. కాలేయంలోనూ కండరాలలోనూ నిలువ ఉండే గ్లైకోజన్ తనతోపాటు దాదాపు మూడు రెట్లు నీటిని పట్టి ఉంచుతుంది. తిండి ఒక్కసారిగా తగ్గించగానే ఆ నిలువ ఖర్చయి నీరు బయటకు పోతుంది. మామూలు భోజనం మొదలు పెట్టగానే తిరిగి వస్తుంది.

కఠినమైన పస్తులు మనసును ఏమి చేస్తాయో 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ జరిపిన ప్రయోగంలో తెలిసింది. స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు దాదాపు సగం తిండి మాత్రమే పెట్టారు. వారు తమ బరువులో నాలుగో వంతు కోల్పోవడమే కాక రాత్రింబగళ్ళు తిండి గురించే ఆలోచించడం, వంటల పుస్తకాలు సేకరించడం మొదలుపెట్టారు. అటు తరువాత కావలసినంత పెట్టినా చాలా కాలం వారికి తృప్తి కలగలేదు. నోరు కట్టుకోలేకపోతున్నామని తమను తాము నిందించుకొనేవారు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

వారానికి అర కిలో చొప్పున, ఆరు నెలల్లో ఉన్న బరువులో 5 నుండి 10 శాతం తగ్గడం సమంజసమైన లక్ష్యం. ఇది చిన్న సంఖ్య కాదు. అమెరికాలో మధుమేహ నివారణ కోసం జరిపిన పెద్ద పరిశోధనలో (2002) 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన ఇటువంటి పరిశోధనలో, బరువు అంతగా తగ్గకపోయినా, ఆహారం, నడక మార్చుకున్నవారిలో మధుమేహం 28.5 శాతం తగ్గింది. తూకం కదలనంత మాత్రాన శ్రమ వృథా అయినట్లు కాదు.

తెలుగువారి భోజనం

తెలుగువారి సంప్రదాయ భోజనంలో పప్పు, కూర, పచ్చడి, పులుసు లేదా చారు, పెరుగు వరుసగా వస్తాయి. వీటిలో ప్రతి ఆధరువుకూ విడిగా అన్నం కలుపుకోవడం ఆచారం. ఒక్కొక్కదానికి 100 గ్రాముల చొప్పున కొద్దిగానే కలుపుకున్నా ఐదు సార్లకు అర కిలో అన్నం, అనగా దాదాపు 650 కేలరీలు అవుతుంది. కూర్చుని పనిచేసే స్త్రీకి రోజంతటికీ కావలసిన శక్తిలో ఇది సుమారు ఐదింట రెండు వంతులు. ఇందులో నెయ్యి, వేపుడులోని నూనె, మారు వడ్డన కలపలేదు. తిన్నవారికి మాత్రం ఎక్కువ తిన్నట్లు అనిపించదు, ఎందుకంటే ఏ వడ్డనా పెద్దది కాదు.

దీనిని సరిచేయడానికి అన్నం మానివేయనక్కరలేదు. పప్పును, పచ్చడిని ఒకే అన్నంతో ముగించి, కూరను రెండింతలు చేసి, చారును గ్లాసులో పోసుకొని తాగి, పెరుగన్నానికి బదులు పలుచని మజ్జిగ పుచ్చుకుంటే అన్నం సగానికి పైగా తగ్గుతుంది. భోజనపు రుచులు ఒక్కటి కూడా పోవు. కూర, పప్పు ముందు తిని అన్నం తరువాత తింటే రక్తంలో చక్కెర తక్కువగా పెరుగుతుందని ప్రయోగాలలో తేలింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ (1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై 1958లో హైదరాబాదుకు తరలి వచ్చింది) 2024లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా ధాన్యాల నుండి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతాన్ని మించరాదని చెబుతున్నాయి.

రాత్రిపూట అన్నం మాని చపాతీ తినడం తెలుగు ఇళ్ళలో బాగా వ్యాపించిన అలవాటు. నూనె వేసి కాల్చిన మూడు చపాతీలు 400 కేలరీలకు పైగానే ఉంటాయి. 300 గ్రాముల అన్నం కూడా ఇంచుమించు అంతే. లాభమంతా చపాతీలను లెక్కపెట్టి తినడంలో ఉన్నది, అన్నాన్ని ఎవరూ లెక్కపెట్టరు. శనివారం ఒక పొద్దు ఉండి రాత్రికి ఉప్మా, పెసరట్టు, పూరీ వంటి ఫలహారం కడుపునిండా తినడం కూడా ఇటువంటిదే.

రాయలసీమలో రాగి సంగటి, తెలంగాణలో జొన్న రొట్టె ఒకప్పుడు నిత్యాహారం. నీటిపారుదల పెరగడం, 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ప్రారంభించిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం వంటి కారణాల వలన మెట్ట ప్రాంతాలలో కూడా వరి అన్నం ప్రధానమైనది. చిరుధాన్యాలలో పీచు ఎక్కువగా ఉంటుంది కాబట్టి కడుపు త్వరగా నిండుతుంది. అయితే బరువుకు బరువు చూస్తే జొన్నలలోనూ బియ్యంలోనూ ఉండే కేలరీలలో పెద్ద భేదం లేదు.

నూనె విషయంలో గరిటెలు లెక్కించడం కంటే నెలకు ఇంటికి ఎంత నూనె వస్తున్నదో చూడడం సులభం. పై మార్గదర్శకాలలో 2000 కేలరీల ఆహారానికి రోజుకు సూచించినది 27 గ్రాములు. ఈ లెక్కన నలుగురు పెద్దవారున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు సరిపోవాలి. ఆవకాయలో తేలే నూనె, నెయ్యి కూడా ఈ లెక్కలోనివే.

యావ

ఆకలి, యావ ఒకటి కావు. ఆకలి క్రమంగా పెరుగుతుంది, ఏది పెట్టినా తీరుతుంది. యావ హఠాత్తుగా వస్తుంది, ఫలానా పదార్థమే కావాలంటుంది. కడుపు నిండుగా ఉన్నా రావచ్చును. దీనినే పెద్దలు జిహ్వచాపల్యం అన్నారు. దీనిని కేవలం మనోదౌర్బల్యంగా చూడడం సరి కాదు. కొవ్వు కణాల నుండి వెలువడి తృప్తిని సూచించే లెప్టిన్‌ను 1994లోను, జీర్ణకోశం నుండి వెలువడి ఆకలిని పుట్టించే గ్రెలిన్‌ను 1999లోను కనుగొన్నారు. బరువు తగ్గినవారిలో మొదటిది తగ్గుతుంది, రెండవది పెరుగుతుంది. నిద్ర తక్కువైనా ఇదే జరుగుతుంది. 2004లో చికాగో విశ్వవిద్యాలయంలో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే పడుకోనివ్వగా గ్రెలిన్ 28 శాతం పెరిగింది, లెప్టిన్ 18 శాతం తగ్గింది. తీపి, ఉప్పు పదార్థాల మీద వారికి కోరిక ఎక్కువైంది. రాత్రి పాళీలలో పనిచేసేవారు, పసిబిడ్డల తల్లులు ఈ విషయాన్ని గమనించవలెను. వీరు ముందు సరిదిద్దుకోవలసినది తిండి కాక నిద్ర కావచ్చును.

యావకు వేళ, స్థలం ఉంటాయి. సాయంత్రం నాలుగైదు గంటల మధ్య టీతో పాటు మిరపకాయ బజ్జీలో, పునుగులో, ఉస్మానియా బిస్కట్లో కావాలనిపించడం చాలామందికి అనుభవమే. మధ్యాహ్నం అన్నం ఎక్కువ, మాంసకృత్తులు తక్కువగా తిన్నవారికి ఆ వేళకు నిజమైన ఆకలి కూడా తోడవుతుంది. అప్పుడు మనసుతో పోరాడే బదులు, మూడున్నరకే ఉడికించిన శనగలో, ఒక గుడ్డో, జామకాయో, మజ్జిగో పుచ్చుకొనడం మేలు. ఆకలి తీరిన తరువాత మిగిలేది యావ మాత్రమే. అది సాధారణంగా కొద్ది నిమిషాలలో తగ్గుముఖం పడుతుంది. ఆ కాసేపు లేచి నడవడం, బజ్జీల బండి లేని దారిన ఇంటికి రావడం వంటి ఉపాయాలు పనిచేస్తాయి.

ఇంట్లో కంటికి కనబడేది చేతికి వస్తుంది. జంతికలు, చేగోడీలు, సకినాలు పండుగకు వండుకొని తినడం వేరు, డబ్బా ఏడాది పొడవునా బల్ల మీద ఉండడం వేరు. పొట్లాలలో వచ్చే చిప్సు, బిస్కట్ల వంటివి ఇంకా ప్రమాదకరం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో కెవిన్ హాల్ 2019లో 20 మంది మీద చేసిన ప్రయోగంలో, కావలసినంత తినమన్నప్పుడు, కర్మాగారాలలో తయారైన ఆహారం ఇచ్చిన రెండు వారాలలో వారు ఇంటి వంట వంటి ఆహారంతో పోలిస్తే రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు.

అయితే ఇష్టమైన పదార్థాన్ని జీవితాంతం నిషేధించడం వలన మేలు కంటే కీడే ఎక్కువ. ఒకనాడు నిషేధం తప్పినవారు "ఎలాగూ తప్పాము కదా" అని ఆ రోజంతా తినడం తరచుగా జరుగుతుంది. వారానికి ఒకసారి, భోజనం తరువాత, అందరితో కలిసి, ప్లేటులో పెట్టుకొని తినే అరిసె వలన ఎవరూ లావు కారు. టీలో పంచదారను మాత్రం క్రమంగా తగ్గించుకోవచ్చును. కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు నాలుగు కప్పులంటే 40 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో మేలైనదిగా చెప్పిన హద్దు ఇంచుమించు 25 గ్రాములు. వారానికి పావు చెంచా చొప్పున తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది.

వ్యాయామం

నడక వలన తగ్గే బరువు అనుకున్నంత ఉండదు. అరగంట నడకలో ఖర్చయ్యేది 100, 150 కేలరీలు. ఒక మిర్చి బజ్జీ దానిని పూడ్చేస్తుంది. కాని తగ్గిన బరువును నిలుపుకోవడంలో వ్యాయామానిది ముఖ్యపాత్ర. బరువులెత్తడం వంటివి కండ కరగకుండా కాపాడతాయి.

పథ్యాలు, మందులు

ఉప్పు, నూనె లేని వంటలతో మంతెన సత్యనారాయణ రాజు ప్రచారం చేసిన ప్రకృతి ఆహారం, పిండిపదార్థాలను దాదాపు మానివేసి కొవ్వు మీద ఆధారపడమన్న వీరమాచనేని రామకృష్ణ విధానం తెలుగునాట ప్రసిద్ధమైనవి. ఒకటి నూనె వద్దన్నది, రెండవది నూనె తాగమన్నది. రెండింటిలోనూ బరువు తగ్గినవారు ఉన్నారు, ఎందుకంటే రెండూ మొత్తం తిండిని తగ్గిస్తాయి. ఏళ్ళ తరబడి పాటించగలమా అన్నదే చూసుకోవలసిన విషయం.

బరువు తగ్గించే మందుగా ఒకప్పుడు వాడిన సిబుట్రమిన్‌ను గుండెకు ప్రమాదమని 2010లో అమెరికా, ఐరోపాలలో ఉపసంహరించారు. 2011లో భారత దేశం నిషేధించింది. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ సూదిమందులు బాగా పనిచేస్తున్నాయి. తిండి యావ కూడా తగ్గుతున్నది. ఇవి వైద్యుని పర్యవేక్షణలోనే వాడదగినవి. మానివేస్తే పోయిన బరువులో అధిక భాగం తిరిగి వస్తున్నది.

వైద్యుని సలహా ఎప్పుడు అవసరం

ఇన్సులిన్ లేదా గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడే మధుమేహ రోగులు అన్నం ఒక్కసారిగా తగ్గించరాదు. రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉన్నది. ముందుగా మందు మోతాదు సరిచేయించుకోవలెను. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు స్వంతంగా పథ్యాలు చేయకూడదు. నెలసరి క్రమం తప్పడం, విపరీతమైన అలసట, చలి ఓర్చుకోలేకపోవడం బరువుతో పాటు ఉంటే థైరాయిడ్, అండాశయ సమస్యలకు పరీక్ష చేయించాలి. ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలల్లో బరువులో 5 శాతానికి మించి తగ్గితే సంతోషించక వైద్యుని చూడాలి.

పచ్చి బియ్యం, బలపాలు, మట్టి, ఐసుముక్కలు తినాలన్న కోరిక తిండి యావ కాదు. దీనిని నవ్వులాటగా తీసివేస్తారు గాని తరచుగా ఇది ఇనుము లోపించి వచ్చిన రక్తహీనతకు గుర్తు. రక్తపరీక్షలో లోపం తేలి ఇనుము మాత్రలు వాడితే చాలామందిలో ఆ కోరిక కొద్ది వారాలలోనే పోతుంది.