ప్రోటీన్ స్కిమ్మర్‌లో లోపాలు – తయారీదారుకు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

పెరట్లో క్లౌన్ చేపల వంటి సముద్రపు అలంకార చేపలను పెంచే చిన్న యూనిట్లకు ప్రోటీన్ స్కిమ్మర్ ముఖ్యమైన పరికరం. ఉప్పునీరు తెచ్చుకోవడమైనా, తయారు చేసుకోవడమైనా ఖర్చుతో కూడిన పని. స్కిమ్మర్ బాగా పనిచేస్తే నీటిని తరచుగా మార్చే అవసరం తగ్గుతుంది. పనిచేయకపోతే కరెంటు ఖర్చు మాత్రం అవుతుంది, నీరు పాడై చేపలు మేత మానేస్తాయి.

చాలామంది దుకాణదారుకు ఫోన్ చేసి "మిషన్ పనిచేయడం లేదు" అని చెప్పి ఊరుకుంటారు. ఆ ఒక్క మాటతో తయారీదారు ఏమీ సరిచేయలేరు. లోపం వాడకంలో ఉందా, డిజైన్‌లో ఉందా అన్నది రైతే ముందుగా తేల్చుకుని, కొలతలతో చెప్పాలి. స్థానికంగా పీవీసీ, అక్రిలిక్‌తో చేయించుకునేవారికి ఇది మరీ అవసరం.

స్కిమ్మర్ పనిచేసే విధానం

మేత మిగులు, రెట్ట, చేపల జిగురు నుంచి వచ్చే సేంద్రియ పదార్థాలు గాలి బుడగల అంచుకు అంటుకుంటాయి. పంపు నీటిలోకి గాలిని సన్నని బుడగలుగా కొడుతుంది. బుడగలు పైకి చేరి నురుగుగా మారి, మెడ గొట్టం ద్వారా ఎక్కి మురికి కప్పులో పడతాయి. ఆ మురికి కుళ్లి అమ్మోనియాగా మారకముందే బయటకు పోతుంది.

ఇప్పటికే నీటిలో కలిసిన అమ్మోనియాను స్కిమ్మర్ తీయదు. దానికి బయోఫిల్టర్ ఉండాల్సిందే. ఉప్పునీటిలో బుడగలు సన్నగా నిలుస్తాయి. మంచినీటిలో ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై పగిలిపోతాయి. అందుకే మంచినీటి చేపల తొట్లకు ఇది పనికిరాదు.

ఫిర్యాదుకు ముందు చూసుకోవాల్సినవి

• కొత్త స్కిమ్మర్ మొదటి కొన్ని రోజులు సరిగా నురుగు పట్టదు. తయారీలో అంటిన జిడ్డు పోయే వరకు, అంటే ఒకటి రెండు వారాలు ఆగి చూడాలి.
• మెడ గొట్టం లోపల జిడ్డు పేరుకుంటే నురుగు పైకి ఎక్కదు. రెండు మూడు రోజులకోసారి మంచినీటితో తుడవాలి. సబ్బు వాడకూడదు.
• గాలి గొట్టం మూతి దగ్గర ఉప్పు గడ్డకట్టి గాలిని ఆపేస్తుంది. గొట్టాన్ని విప్పి గోరువెచ్చని మంచినీటితో కడగాలి.
• పంపు ఇంపెల్లర్‌పై సున్నం పేరుకుంటే వెనిగర్ కలిపిన నీటిలో నానబెట్టి, బాగా కడిగి బిగించాలి.
• నూనె పట్టించిన మేత వేశాక కొన్ని గంటలపాటు నురుగు పడిపోవడం మామూలే. అది పరికరం లోపం కాదు.
• కొన్ని మందులు వేసినప్పుడు నురుగు ఒక్కసారిగా పొంగుతుంది. మందు, ప్రోబయోటిక్ వేసినప్పుడు లేబుల్‌పై చెప్పినంతసేపు స్కిమ్మర్ ఆపాలి. ఆపిన సమయంలో ఏరేషన్ మాత్రం ఆపకూడదు.

ఇవన్నీ సరిచూసినా సమస్య తీరకపోతే అప్పుడు డిజైన్‌ను అనుమానించాలి.

డిజైన్‌లో మార్పు కోరదగిన అంశాలు

1. నీటి మట్టం: స్కిమ్మర్ ఉన్న సంప్ తొట్టిలో నీరు అంగుళం పెరిగినా, తగ్గినా నురుగు మారిపోతుంది. బయటకు వెళ్లే గొట్టానికి నెమ్మదిగా తిప్పుకునే వాల్వు, ఎత్తు మార్చుకునే కాళ్లు ఉంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

2. కరెంటు పోయి వచ్చినప్పుడు: కరెంటు పోగానే పై తొట్టి, గొట్టాలలోని నీరు సంప్‌లోకి దిగుతుంది. కరెంటు వచ్చిన వెంటనే స్కిమ్మర్ పెరిగిన నీటి మట్టంలో మొదలై కప్పు పొంగుతుంది. రాత్రిపూట ఇలా జరిగితే ఉప్పునీరు నేలపాలవుతుంది. బాల్ వాల్వు ద్వారా మంచినీరు దానంతటదే చేరే ఏర్పాటు ఉంటే తొట్టిలో ఉప్పు శాతం కూడా పడిపోతుంది. చేపలకు ఇదే పెద్ద ప్రమాదం. కప్పు నిండగానే పంపును ఆపే ఫ్లోట్ స్విచ్, కరెంటు వచ్చాక కొన్ని నిమిషాలు ఆగి మొదలయ్యే టైమర్ కావాలని అడగాలి.

3. కప్పు, మెడ: కప్పును ఒక చేత్తో తిప్పి తీయగలగాలి. చేయి పెట్టి తుడవడానికి మెడ లోపల వీలుండాలి. శుభ్రం చేయడం కష్టమైన పరికరాన్ని ఎవరూ రోజూ శుభ్రం చేయరు.

4. కప్పు అడుగున గొట్టం: కప్పు నుంచి మురికి బయటి డబ్బాలోకి దిగే ఏర్పాటు ఉండాలి. డబ్బా నిండినప్పుడు నీరు తిరిగి తొట్టిలోకి రాకూడదు.

5. తొట్టిలోకి వచ్చే బుడగలు: శుద్ధయిన నీటితో పాటు సన్నని బుడగలు చేపల తొట్టిలోకి వస్తుంటే బయటి గొట్టం డిజైన్ సరిగా లేనట్లే. లోపలి గది ఎత్తు పెంచమని, బయటి గొట్టం వెడల్పు చేయమని చెప్పవచ్చు.

6. మరలు, విడి భాగాలు: ఉప్పునీటిలో ఇనుప మరలు తుప్పు పడతాయి. ప్లాస్టిక్ మరలు కోరాలి. ఇంపెల్లర్, రబ్బరు రింగు విడిగా దొరకాలి. చిన్న రింగు కోసం పరికరం మొత్తం మార్చాల్సిన పరిస్థితి రాకూడదు.

7. లేబుల్‌పై లీటర్లు: "ఇన్ని లీటర్ల తొట్టికి సరిపోతుంది" అన్న మాట చాలావరకు చేపలు తక్కువగా ఉన్న ఇంటి అక్వేరియంను దృష్టిలో పెట్టుకుని రాసింది. పిల్లలను ఒత్తుగా వేసి రోజుకు పలుమార్లు మేత వేసే తొట్టికి అది సరిపోకపోవచ్చు. ఎంత మేతకు సరిపోతుందో లేబుల్‌పై రాయమని కోరాలి.

రాసుకోవాల్సిన కొలతలు

కనీసం 10 రోజులపాటు ఒక పుస్తకంలో ఇవి రాయాలి.

• తొట్టి నీరు ఎన్ని లీటర్లు, చేపలు ఎన్ని, రోజుకు మేత ఎన్ని గ్రాములు
• నీటి ఉప్పు శాతం, ఉష్ణోగ్రత
• సంప్‌లో నీటి లోతు, ఉదయం, సాయంత్రం
• కప్పులో రోజుకు చేరిన మురికి ఎన్ని మిల్లీలీటర్లు, రంగు ఎలా ఉంది. లేత టీ రంగులో నీళ్లలా ఉందా, చిక్కగా ముదురు రంగులో ఉందా
• బయటకు వచ్చే నీటి వేగం. 20 లీటర్ల బకెట్ ఒక నిమిషంలో నిండితే గంటకు 1,200 లీటర్లు వస్తున్నట్లు
• పంపు వాట్లు. 40 వాట్ల పంపు రోజంతా తిరిగితే రోజుకు సుమారు 1 యూనిట్, నెలకు దాదాపు 29 యూనిట్లు ఖర్చవుతుంది
• కరెంటు పోయిన, వచ్చిన సమయాలు, కప్పు పొంగిన సమయాలు

తయారీదారుకు చెప్పే పద్ధతి

"నురుగు రావడం లేదు" అనకుండా ఇలా చెప్పాలి: "తొట్టి 500 లీటర్లు, ఉప్పు శాతం 32 పీపీటీ, రోజుకు 30 గ్రాముల మేత. సంప్‌లో నీరు 8 అంగుళాలు ఉంటే నురుగు బాగుంది. 9 అంగుళాలకు చేరితే కప్పు పొంగుతోంది. 10 రోజుల్లో 4 సార్లు పొంగింది. నాలుగుసార్లూ కరెంటు వచ్చిన వెంటనే."

ఇలా చెబితే లోపం పంపులో లేదని, నీటి మట్టం సర్దుబాటులో ఉందని తయారీదారుకు వెంటనే అర్థమవుతుంది. నురుగు ఎంత ఎత్తుకు ఎక్కుతోందో కనిపించేలా ఒక నిమిషం వీడియో తీసి పంపితే ఇంకా మంచిది. ఒకసారికి ఒక్క మార్పే చేయించుకుని, మళ్లీ 10 రోజులు కొలతలు రాయాలి. రెండు మూడు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. అదే పరికరం వాడే పక్క రైతుల కొలతలు కూడా చేర్చి పంపితే తయారీదారు త్వరగా స్పందించే అవకాశం ఉంటుంది.

జాగ్రత్తలు

• స్కిమ్మర్‌ను విప్పే ముందు ప్లగ్గు తీయాలి. ఎర్తింగ్, లీకేజీ కరెంటును ఆపే ఆర్‌సీసీబీ తప్పనిసరిగా ఉండాలి.
• వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి తర్వాత పైకి వెళ్లేలా అమర్చాలి. అప్పుడు వైరు మీద జారే ఉప్పునీరు ప్లగ్గులోకి చేరదు.
• గ్యారంటీ గడువులో ఉన్న పరికరానికి సొంతంగా రంధ్రాలు చేయకూడదు, కోయకూడదు.
• స్కిమ్మర్ ఉందని మేత ఎక్కువ వేయకూడదు. చేపలు తినేంతే వేస్తే తీయాల్సిన మురికి సగం తగ్గినట్లే.