టర్కీ – కస్టమ్స్ యూనియన్ – సుంకం విధించే హక్కు

తన రేవులో దిగే సరుకుపై సుంకమెంతో తానే నిర్ణయించలేని రాజ్యం ఎంత నష్టపోతుందో టర్కీకి కొత్తగా చెప్పనక్కరలేదు. 1838లో సుల్తాన్ రెండవ మహమూద్ ప్రభుత్వం బ్రిటన్‌తో చేసుకున్న బాల్తా లిమాన్ ఒప్పందం ప్రకారం విదేశీ సరుకుపై సుంకం మొత్తం నూటికి 5. స్వదేశం నుండి ఎగుమతయ్యే సరుకుపై నూటికి 12! 1923లో లోజాన్ సంధి విదేశీయుల ప్రత్యేక రాయితీలను రద్దుచేసినా, సుంకాల విషయంలో పూర్తి స్వేచ్ఛ 1929 వరకు లభించలేదు.

ఇంత కష్టపడి సంపాదించుకున్న హక్కులో పెద్ద భాగాన్ని టర్కీ 1996లో తనంతట తానే వదులుకున్నది. 1963 నాటి అంకారా ఒప్పందంలో సూచించిన ప్రకారం యూరోపియన్ యూనియన్‌తో కస్టమ్స్ యూనియన్ అమలులోకి వచ్చింది. అంటే పారిశ్రామిక వస్తువులపై పరస్పరం సుంకాలుండవు. బయటి దేశాల సరుకుపై మాత్రం యూరప్ నిర్ణయించిన సుంకాన్నే టర్కీ కూడా వసూలు చేయాలి. వ్యవసాయోత్పత్తులు చాలావరకు దీని పరిధిలోకి రావు.

మొదటి ఏటి లెక్కలు భయపెట్టాయి. 1995లో సుమారు 3,570 కోట్ల డాలర్లుగా ఉన్న మొత్తం దిగుమతులు 1996లో 4,360 కోట్లకు పెరిగాయి. ఎగుమతులు 2,160 కోట్ల నుండి 2,320 కోట్లకు మాత్రమే చేరాయి. అయితే ఈ ఒక్క ఏటిని చూసి తీర్పు చెప్పడం న్యాయం కాదు. పోటీకి నిలువలేదని పలువురు భావించిన మోటారు వాహనాల పరిశ్రమే తరువాతి కాలంలో యూరప్‌కు ప్రధాన ఎగుమతిదారు అయింది.

అసలు చిక్కు వేరొక చోట ఉంది. యూరప్ ఏ దేశంతో వ్యాపార ఒప్పందం చేసుకున్నా ఆ దేశపు సరుకు యూరప్ మీదుగా టర్కీకి రాగలదు. టర్కీ సరుకుకు అక్కడ అదే రాయితీ దానంతట అది దక్కదు. మొరాకో, ట్యునీషియా, ఈజిప్టులతో టర్కీ విడిగా ఒప్పందాలు కుదుర్చుకోగలిగింది. 2005లో యూరప్‌తో ఒప్పందం అమలైన అల్జీరియాతో అది సాధ్యపడలేదు. ఒకనాటి ఉస్మానీ రాష్ట్రమైన ఆ ముస్లిం దేశపు విపణిలో ఫ్రెంచి వర్తకునికి లభించిన రాయితీ టర్కీ వర్తకునికి లేకపోయింది.

ఈ మార్పు మన దేశాన్నీ తాకింది. యూరప్ విధానాన్ని అనుసరించి టర్కీ 1996లో భారతదేశపు బట్టలు, దుస్తులపై 19 తరగతులలో పరిమాణ పరిమితులు విధించింది. భారతదేశం ఫిర్యాదు చేయగా, కస్టమ్స్ యూనియన్ ఏర్పాటుకు ఈ ఆంక్షలు అనివార్యం కావని ప్రపంచ వాణిజ్య సంస్థ 1999లో తీర్పు చెప్పింది.

ఈ యూనియన్‌ను తీవ్రంగా వ్యతిరేకించిన నజ్ముద్దీన్ ఎర్బకాన్ 1996 జూన్‌లో ప్రధాని అయినా దానిని రద్దు చేయలేదు. 1997 జూన్‌లో ఇస్తాంబుల్‌లో పాకిస్తాన్, బంగ్లాదేశ్ వంటి ఏడు ముస్లిం దేశాలతో కలిసి డి-8 కూటమిని స్థాపించాడు. కాని ఆ దేశాల పారిశ్రామిక వస్తువులపై సుంకం తగ్గించదలచినా, టర్కీ ముందుగా చూడవలసింది బ్రస్సెల్స్‌లో తయారైన పట్టికనే. ఆ పట్టికను నిర్ణయించే సభలో టర్కీకి ఓటు లేదు.