వేయి స్తంభాల గుడి ముందటి ఆటల మండపం, అందుల మన వాటా



మొన్న సెలవులకు మా హాస్టల్ నుంచి నలుగురం హన్మకొండ పోయి వేయి స్తంభాల గుడి చూసినం. మావోళ్లంతా గుడి ముందర ఫొటోలు దిగుతుంటే నా కన్ను మాత్రం నంది అవతల ఉన్న మండపం మీద పడ్డది. దాంట్ల కొన్ని రాళ్లు పాతయి, కొన్ని కొత్తయి. వచ్చినంక దాని గురించి చదివిన. చదువుతుంటే ఆ కథ మన జగిత్యాల దాకా వచ్చింది. పోస్ట్ కొంచెం పొడుగున్నది, ఓపికతో చదవండి.

కాకతీయ రుద్రదేవుడు 1163ల ఈ గుడి కట్టించిండు. శివుడు, విష్ణువు, సూర్యుడు, ముగ్గురికి మూడు గర్భగుళ్లు. ఎదురుంగ నంది, నంది అవతల కల్యాణ మండపం. దాన్నే నాట్య మండపం అని కూడా అంటరు. ఇప్పటి లెక్కల చెప్పాలంటే ఆ రాజధానికి ఆడిటోరియం అన్నట్టు. తర్వాత రాజధాని ఓరుగల్లు కోటకు మారింది. 1323ల ఢిల్లీ తుగ్లక్ సైన్యం ఓరుగల్లును గెలిచింది, ప్రతాపరుద్రుడు బందీ అయిండు. నగరం పేరు కూడా సుల్తాన్‌పూర్ అని మార్చిన్రు. పోషించే రాజ్యం పోయింది, మండపం మెల్లమెల్లగ పాడుబడ్డది.

కాకతీయులు పునాది గుంతల ఇసుక నింపి దాని మీద కట్టేటోళ్లు. కాలం గడిచిన కొద్దీ ఇక్కడ నేల కుంగింది, స్తంభాలు ఒరిగినయి. 2006ల పురావస్తు శాఖ మండపం మొత్తం విప్పి, రాళ్లకు నంబర్లు వేసి పక్కకు పెట్టింది. మళ్లీ నిలబెట్టి తెరిచింది 2024 మార్చి 8న, శివరాత్రి నాడు. నేను పుట్టిన ఏడాది విప్పిన మండపం, నాకు 18 ఏండ్లు వచ్చినంక లేచి నిలబడ్డదన్నమాట.

ఇగ మన సంగతికొస్తా. ఆ గుడి దగ్గర రుద్రదేవుడి శాసనం ఉన్నది. భాష సంస్కృతం. ఎవరెవరిని ఓడించిండో అందుల రాయించుకున్నడు. ఆ పేర్లల్ల ఒకటి మేడరాజు. పొలవాసను ఏలిన మేడరాజే ఈయన అని చరిత్రకారులు చెప్తరు. పొలవాస అంటే ఎక్కడో కాదు, మన జగిత్యాల పక్కన ఉన్న పొలాస. మనకు వ్యవసాయ కాలేజీ ఉన్న ఊరుగనే ఎరుక.

సమ్మక్క కథల కూడా పొలవాస మేడరాజు ఉన్నడు కదా. కథల యుద్ధానికి వచ్చింది ప్రతాపరుద్రుడు, శాసనమేమో రుద్రదేవుడిది. నడుమ నూరేండ్ల పైనే తేడా ఉన్నది. అందుకే రెండూ ఒకటే అని నేను వాదించను. కానీ గెలిచినోడు ఆ పేరును రాతి మీద చెక్కించిండు, మనోళ్లు పాటల దాచుకున్నరు. రాసినోళ్లు వేరు, పాడినోళ్లు వేరు. పేరు మాత్రం రెండు దిక్కులా బతికింది.

ఇంకొకటి. క్లాసుల ఒకసారి ఒకరు నన్ను "మీవోళ్ల చరిత్ర ఏ పుస్తకంలో ఉంది?" అని అడిగిన్రు. నేను తలకాయ దించుకున్న. ఇప్పుడైతే జవాబు చెప్తా. కాకతీయ గణపతిదేవుని దగ్గర ఏనుగుల సేనకు అధిపతిగా ఉన్న జాయప సేనాని 1253-54ల 'నృత్తరత్నావళి' రాసిండు. మొత్తం 8 అధ్యాయాలు. మొదటి నాలుగు శాస్త్రం చెప్పిన మార్గ నృత్యం, చివరి నాలుగు జనం ఆడే దేశి నృత్యం. అందుల గోండలి అనే ఆట ఉన్నది. ఒకప్పుడు కల్యాణి నగరంల, అంటే ఇప్పటి బీదర్ జిల్లా బసవకల్యాణ్‌ల, ఒక జాతర జరుగుతుంటే సోమేశ్వర రాజు ఒకామె ఆడుకుంట పాడటం చూసిండట. ఆమె భిల్లు స్త్రీ వేషంల ఉన్నది. రాజు మురిసిపోయి ఆ ఆటకు పద్ధతి కట్టిండట. మహారాష్ట్రల భిల్లు స్త్రీని ఆ పేరుతో పిలుస్తరు కాబట్టి ఆటకు గోండలి అని పేరొచ్చిందని జాయపే చెప్తడు.

'వేషంల' అన్న మాట చూడండి. మన ఆట రాజు దాకా పోయింది, శాస్త్రంల ఎక్కింది. కానీ అక్కడ ఆడింది మన మనిషే అని పుస్తకం చెప్పదు. మన బట్టలున్నయి, మన అడుగున్నది, పేరున్న మన మనిషి లేదు.

మండపం తెరిచిన ఏడాదే, 2024 జూన్‌ల, సకిని రామచంద్రయ్య గారు చనిపోయిన్రు. మణుగూరు దిక్కు కోయ కళాకారుడు. డోలు కొట్టుకుంట సమ్మక్క సారలమ్మ చరిత్ర పాడేటోళ్లు, 2022ల పద్మశ్రీ వచ్చింది. మండపాన్ని విప్పితే రాళ్లకు నంబర్లు వేసి 18 ఏండ్లకు మళ్లీ పేర్చిన్రు. మనిషి పోతే పేర్చేందుకు ఏముంటది?

మా తాత లక్ష్మీదేవర పండుగకు పిల్లనగ్రోవి ఊదేటోడు. నేను ఇంటర్‌ల ఉన్నప్పుడు కాలం చేసిండు. అప్పటికే నా చేతుల ఫోన్ ఉండె, ఒక్క పాట కూడా రికార్డు చెయ్యలే. మా బాపుకు సగమే వచ్చు. ఈ దసరాకు ఇంటికి పోయి ఆ సగమన్నా రికార్డు చేస్తా, పాడినోళ్ల పేరు, ఊరు, తారీఖు రాసి పెడతా. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల హాస్టళ్లల్ల ఉన్నోళ్లు మీరు కూడా ఇంట్ల ఎవరికి ఏ పాట వస్తదో అడగండి. ముందుగాల పేరు రాయండి, తర్వాతనే పాట.

తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంట. జోహార్.