మంచమా, మందా?
అనంతపురము సీమలో క్షయచికిత్స చరిత్ర

అనంతపురము పేరు వినగానే మన మనస్సున మెదలునది కరువు. పడమటి కనుమలు నైరృతి ఋతుపవనములను అడ్డగించుటచేత ఈ పీఠభూమికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానయే దక్కుచున్నది. అదియును అదనుకు రాదు. వేరుసెనగ చేను ఎండిన ఏట కూలి దొరకదు. కూలి దొరకని ఇంట కడుపు నిండదు. అట్టి ఇండ్లను వెదకికొని వచ్చు జాడ్యములలో క్షయ ముఖ్యమైనది. అయితే వైద్యచరిత్రలో ఈ జిల్లా పేరు మరొక కారణమున నిలిచియున్నది. దేశమంతటికి నమూనాయైన జిల్లా క్షయ నివారణ పథకమును 1961లో మొదట అమలుచేసి చూచినది ఇక్కడనే. ఆ కథను పాఠకుల ముందుంచ దలచినాము.

క్షయక్రిమి ఊపిరితిత్తులను తొలిచి గుల్లచేయును. గాయము మానినను అచ్చట మచ్చ మిగులును. మచ్చబడిన భాగము గాలిలోని ప్రాణవాయువును రక్తమునకు సరిగా అందింపలేదు. అందుచేత చికిత్స ఆలస్యమైన కొలది, క్రిములు చచ్చిన తరువాత కూడ మనిషికి ఆయాసము తప్పదు. మెట్టచేను దున్నువానికి, రాళ్లు కొట్టువానికి ఊపిరియే పెట్టుబడి కదా! రోగమును ఎంత త్వరగా పట్టుకొనగలము, మందు ఎంత దగ్గరగా అందింపగలము అన్నవి ఆ కుటుంబముల బ్రతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్నలు.

మందులు లేని దినములలో శానిటోరియమే శరణ్యము. అనంతపురము జిల్లాకు పొరుగున, నాటి చిత్తూరు జిల్లా మదనపల్లె చెంత ఆరోగ్యవరములో 1915లో అట్టి ఆస్పత్రి వెలసినది. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి మూలపురుషుడు. తరువాత డాక్టరు పి. వి. బెంజమిన్ దానిని నడపి, స్వాతంత్ర్యానంతరము కేంద్రప్రభుత్వమునకు క్షయ విషయమున సలహాదారు అయినారు. విశ్రాంతి, మంచిగాలి, పుష్టికరమైన ఆహారము ఆనాటి చికిత్స. నెలల తరబడి మంచము పట్టియుండవలెను. సంపాదించువాడు అన్నినాళ్లు ఇల్లు విడిచిన యెడల ఆలుబిడ్డల గతి ఏమి? పైగా దేశమున రోగులు లక్షలు, మంచములు వేలు. 1955 మొదలు 1958 వరకు జరిగిన జాతీయ సర్వే, క్షయ పట్టణములలో ఎంత ఉన్నదో పల్లెలలోను ఇంచుమించు అంతే ఉన్నదని తేల్చినది.

ఇంతలో మందులు వచ్చినవి. స్ట్రెప్టోమైసిన్ గుణమును నిర్ణయించుటకు బ్రిటనులో చేసిన పరీక్ష 1948లో ప్రకటితమైనది. యుద్ధానంతరకాలమున మందు కొరతగా ఉండెను; అందరికి చాలదు. కనుక ఎవరికి ఇయ్యవలెనన్నది వైద్యుని ఇష్టమునకు విడువక, ముందుగా సిద్ధపరచి మూసిన కవరులలో ఉంచిన నిర్ణయము ప్రకారము జరిపినారు. మన ఊళ్లలో చీటీలు వేసి వంతులు తేల్చుటవంటిదే ఇది. మొత్తము 107 మంది. మందు పుచ్చుకొన్న 55 మందిలో ఆరునెలలకు నలుగురు మరణించిరి. విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో పదునలుగురు. అయితే ఒక్క మందునే వాడినచో క్రిములు దానికి లొంగకుండపోవునని కూడ ఆ పరీక్షలోనే తెలిసినది. నాటినుండి రెండు మందులను కలిపి ఇచ్చు పద్ధతి బలపడినది.

ఇక మన దేశపు ప్రశ్న: రోగిని బాగుచేయునది మంచమా, మందా? దీనిని తేల్చుటకు 1956లో మద్రాసులో క్షయ రసాయన చికిత్సాకేంద్రము ఏర్పడినది. భారత వైద్య పరిశోధనామండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్యసంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధనామండలి చేతులు కలిపినవి. డాక్టరు వాలెస్ ఫాక్స్ దానికి తొలి నాయకుడు. నగరములోని పేద రోగులను చీటీల పద్ధతినే రెండు జట్లుగా విభజించి, ఒక జట్టును శానిటోరియములో ఉంచినారు. రెండవ జట్టుకు ఇంటివద్దనే మందు ఇచ్చినారు. ఇరువురికి అవే మందులు: ఐసోనియాజిడ్, పాస్, గడువు ఒక సంవత్సరము. ఇంటనున్నవారు ఇరుకుగదులలో కాపురముండి, తక్కువ తిండి తిని, ఎక్కువ పని చేసిరి. అయినను ఏడాది ముగియునప్పటికి శానిటోరియము జట్టులో నూటికి 92 మందికి, ఇంటి జట్టులో 86 మందికి రోగము అణగినది. అంత స్వల్పభేదము కొరకు లక్షలాది మంచములు కట్టనక్కరలేదని 1959లో వెలువడిన నివేదిక స్పష్టపరచినది. ఇంటివారికి రోగము అంటుట కూడ ఇంటిచికిత్సవలన పెరుగలేదని తరువాతి పరిశీలనలో తేలినది.

మందే ప్రధానమని తెలిసినది సరే, దానిని మడకశిర పల్లెకు, కదిరి తండాకు చేర్చుట ఎట్లు? బెంగుళూరులో 1959లో స్థాపితమైన జాతీయ క్షయ సంస్థ ఈ పనికి పూనుకొన్నది. అనంతపురమును ఆనుకొనియున్న తుమకూరు జిల్లా పల్లెలలో ఆ సంస్థకు చెందిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ జరిపి 1963లో ప్రకటించిన పరిశీలన కన్నులు తెరపించినది. పల్లెవాసి అజ్ఞానముచేత వైద్యము కోరడన్న మాట నిజము కాదు. రోగులలో సుమారు సగముమంది అప్పటికే ఆస్పత్రి గడప తొక్కినవారే. వారిలో పెక్కుమందిని దగ్గుమందు సీసా చేతికిచ్చి పంపివేసిరి.

అనంతపురము నమూనాలోని కీలకము ఇదే. రోగిని వెదకుటకు ప్రత్యేక సైన్యమును నడపక, దగ్గుతో తనంతట వచ్చినవానిని జారవిడువకుండుట. జిల్లా కేంద్రమున ఎక్స్‌రే యంత్రముతో, శిక్షణ పొందిన సిబ్బందితో ఒక క్షయకేంద్రము. తాలూకా ఆస్పత్రులలో, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో సూక్ష్మదర్శినితో కఫపరీక్ష. రోగి పేర ఒక కార్డు. ఇంటికి దగ్గరలోనే మందు. 1962లో ఈ నమూనాపైననే జాతీయ క్షయ నివారణ పథకము ప్రారంభమైనది.

అయితే పద్ధతి మంచిదైనంతమాత్రమున ఫలము చేతికి రాదు. నిధులు చాలలేదు, మందులు తరచుగా కొరవడినవి. 1992లో పథకమును సమీక్షించినప్పుడు, సగమునకు పైగా రోగులు చికిత్సను పూర్తిచేయలేదని బయటపడినది. ఆరోగ్యకార్యకర్త ఎదుట మందు మ్రింగించు విధానము 1993 నుండి వచ్చినది. దానికి కూడ మూలము 1960 దశకములో మద్రాసు కేంద్రము జరిపిన పరీక్షలలోనే ఉన్నది.

ఆహారము మాట మిగిలినది. మద్రాసు పరీక్ష పుష్టికరమైన తిండి లేకున్నను మందు పనిచేయునని చెప్పినదే గాని, ఆకలి నిరపాయమని చెప్పలేదు. 2019 మొదలు 2022 వరకు జార్ఖండులో జరిగిన పరీక్షలో, రోగుల ఇంటివారికి అదనముగా ఆహారధాన్యములు, పప్పు అందించినప్పుడు, వారిలో క్రొత్తగా క్షయ సోకుట నూటికి 39 పాళ్లు తగ్గినది. రోగమును కుదుర్చునది మందు. రోగమును గడప బయట నిలుపుటకు తోడ్పడునది తిండిగింజ. కరువుసీమ నివాసులకు ఈ రెండవ మాట మొదటి మాటకంటె తక్కువది కాదు.

రెండు వారములు దాటిన దగ్గును చిన్నదని త్రోసివేయక కఫపరీక్ష చేయించుకొనుడు. మొదలుపెట్టిన మందును నడుమ మానకుడు. ఇంటనున్న దగ్గరి బంధువులకు కూడ ఈ మాట చెప్పుడు. మద్రాసులో వందలాది రోగులు ఒక సంవత్సరముపాటు ఓపికతో నిలిచి తేల్చిన సత్యము, చిట్టచివరి పల్లెలోని చిట్టచివరి రోగికి అందిననాడే ఆ పరీక్ష పూర్తియైనట్లు మేము భావింతుము.